టీవీఎస్ డయోడ్ అతికించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

24 వోల్టుల డీసీ బోర్డును సర్జ్‌ల (క్షణకాలం ఎగసే వోల్టేజి) నుంచి కాపాడే టీవీఎస్ డయోడ్‌ను అతికించే ముందు సరఫరా తీసివేసి, కెపాసిటర్లలో మిగిలిన ఛార్జిని రెసిస్టరు ద్వారా ఖాళీ చేసి, మల్టీమీటరుతో సరిచూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ డయోడ్ ఎంపికపై పెట్టాలి. ఉదాహరణకు ఎస్ఎంబీజే24ఏ డయోడ్ 24 వోల్టుల వరకు దాదాపు కరెంటును వదలకుండా ఉండి, 26.7 నుంచి 29.5 వోల్టుల మధ్య తన గుండా కరెంటును వదలడం మొదలుపెట్టి, 15.4 ఆంపియర్ల సర్జ్ వచ్చినప్పుడు వోల్టేజిని 38.9 వోల్టుల దాకా పెరగనిస్తుంది. చాలామంది మొదటి అంకెను మాత్రమే చూసి కొంటారు. నిజానికి బోర్డు బతుకుతుందో లేదో తేల్చేది చివరి అంకె. వెనుక ఉన్న 7805 రెగ్యులేటరు (వోల్టేజిని 5 వోల్టులకు తగ్గించి నిలకడగా ఉంచే చిప్) ఇన్‌పుట్ పరిమితి 35 వోల్టులే కనుక ఈ డయోడ్ ఒక్కటే దాన్ని కాపాడలేదు. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి సరఫరా తీసుకుంటే మామూలు వోల్టేజియే 28 దాటవచ్చు, అప్పుడు ఈ రకం అసలు పనికిరాదు.

దీని 600 వాట్ల సామర్థ్యం మిల్లీసెకండు స్థాయి పల్సుకే వర్తిస్తుంది. సర్జ్ తీవ్రమైతే డయోడ్ సాధారణంగా షార్ట్ అవుతుంది కాబట్టి దానికి ముందు ఫ్యూజు తప్పనిసరిగా ఉండాలి.

ఒకే దిశలో పనిచేసే రకమైతే గీత ఉన్న కొనను పాజిటివ్‌కు కలపాలి. కనెక్టరుకు వీలైనంత దగ్గరగా, పొట్టి దారులతో అమర్చాలి. పొడవాటి తీగ ఇండక్టెన్సు (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) వల్ల అదనపు వోల్టేజి బోర్డులోకి చేరుతుంది.