గర్భధారణకు ముందు చీముపట్టిన పంటికి చికిత్స ఎలా పూర్తి చేయించుకోవాలి?

రాత్రి నిద్ర పట్టనివ్వకుండా సలిపిన పన్ను నాలుగు మాత్రలు వేసుకున్నాక ఒకరోజు చప్పున నొప్పి మానేస్తే, అది బాగుపడిందని అనుకోవడం సహజం. చాలాసార్లు జరిగేది అందుకు విరుద్ధం. పంటి లోపలి నరం చచ్చిపోవడం వల్లనే నొప్పి ఆగుతుంది. సూక్ష్మజీవులు మాత్రం వేరు కొన దాటి ఎముకలోకి దిగి, అక్కడ నెమ్మదిగా చీము చేరుస్తూ ఉంటాయి. ఆ చీము తిరగబెట్టే సమయం వేవిళ్లతో నోరు తెరవడమే కష్టమయ్యే తొలి నెలల్లో రాకూడదంటే, గర్భం కోసం ప్రయత్నించకముందే చికిత్సను చివరిదాకా చేయించుకోవాలి.

1. పంటి తీరును రెండు మూడు రోజులు గమనించండి

చల్లని నీళ్లు తగిలినప్పుడు జివ్వుమని వెంటనే తగ్గితే నరం ఇంకా బతికే ఉండవచ్చు. వేడి తగిలాక నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, నమిలితే పన్ను ఎత్తుగా లేచినట్టు అనిపించినా నరం దెబ్బతిన్నదని అనుమానించాలి. అద్దం ముందు పెదవి పైకెత్తి, ఆ పంటి పక్కన చిగురు మీద చిన్న పొక్కు ఉందేమో చూడండి. నొక్కితే ఉప్పగా, చేదుగా రసి కారే ఆ పొక్కు నొప్పి పెట్టదు కాబట్టే చాలామంది దాన్ని పట్టించుకోరు. అది లోపలి చీము బయటికి వేసుకున్న దారి.

వాపు కంటి వైపుకో మెడ వైపుకో పాకినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం లేదా ఊపిరి తీయడం కష్టమైనా గమనిస్తూ కూర్చోవద్దు. అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి.

2. గర్భం ఆలోచన ఉందని దంత వైద్యులకు ముందే చెప్పండి

చివరి నెలసరి తేదీ, వాడుతున్న మందులు, పెన్సిలిన్ వంటివి పడకపోవడం, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లడం మంచిది. వైద్యులు అద్దం పిడితో పళ్లను ఒక్కొక్కటిగా తట్టి చూస్తారు. చీముపట్టిన పన్ను దగ్గరికి రాగానే నొప్పి చురుక్కుమనడం తరచూ జరుగుతుంది. ఆ తరువాత ఎక్స్‌రే తీస్తారు. ఒక్క పంటికి తీసే ఎక్స్‌రేలో కిరణాల మోతాదు చాలా తక్కువ, అదీ దవడ వైపే ఉంటుంది కనుక దానికి భయపడి చికిత్స వాయిదా వేయనక్కరలేదు.

3. రూట్ కెనాలా, పన్ను తీయించడమా అన్నది తేల్చుకోండి

పంటికి తగినంత గట్టి భాగం మిగిలి ఉంటే రూట్ కెనాల్ మేలు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లోపలి కుళ్లిన భాగాన్ని తీసి, వేర్ల గొట్టాలను శుభ్రపరచి నింపుతారు. దవడ పళ్లకు సాధారణంగా మూడు నాలుగు గొట్టాలు ఉంటాయి కాబట్టి ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్లవలసి రావచ్చు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: నొప్పి పోయిందని తాత్కాలిక ఫిల్లింగ్‌తోనే నెలలు గడిపేస్తారు. అది అరిగి, పగిలి, సందుల్లోంచి సూక్ష్మజీవులు మళ్లీ లోపలికి చేరితే చేసిన పనంతా వృథా అవుతుంది. శాశ్వత ఫిల్లింగ్, దవడ పళ్లకైతే సాధారణంగా క్యాప్ కూడా పడితేనే చికిత్స పూర్తయినట్టు.

పన్ను నిలబెట్టలేని స్థితిలో ఉంటే తీయించుకోవడమే సరైనది. చిగురు కొన్ని వారాల్లో మూసుకుంటుంది, లోపలి ఎముక నిండడానికి నెలలు పడుతుంది.

4. మందులను సొంతంగా ఎంచుకోకండి

యాంటీబయాటిక్స్ ఒక్కటే ఈ జబ్బును నయం చేయవు; వాపు పాకుతున్నప్పుడో జ్వరం ఉన్నప్పుడో అవి తోడ్పడతాయి, మూలం మాత్రం పంటిలోనే ఉండిపోతుంది. నొప్పికి పారాసిటమాల్ మొదటి ఎంపిక, అది 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. ఐబుప్రోఫెన్ వంటివి అండం విడుదలను ఆలస్యం చేయగలవు, గర్భం 20 వారాలు దాటాక వాడకూడదు కూడా. ప్రయత్నిస్తున్న నెలల్లో వైద్యులను అడగకుండా వేసుకోవద్దు. డాక్సీసైక్లిన్ వంటి టెట్రాసైక్లిన్ జాతి మందులు కడుపులోని బిడ్డ పళ్లకు రంగు మార్చగలవు కనుక, నెల తప్పే అవకాశం ఉంటే ముందే చెప్పాలి. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టుకుంటే అక్కడ చర్మం కాలినట్టు పుండు పడుతుంది. ఆ పని ఎన్నడూ చేయవద్దు.

5. ఆ తరువాతే ప్రయత్నం మొదలుపెట్టండి

రూట్ కెనాల్ అయ్యాక ఇన్ని నెలలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. వాపు, నొప్పి తగ్గి, మందుల కోర్సు ముగిసి, క్యాప్ పడితే చాలు. వేరు కొన దగ్గరి ఎముక ఎక్స్‌రేలో మునుపటిలా కనిపించడానికి ఏడాది వరకు పట్టవచ్చు, దానికోసం ఎదురుచూడనక్కరలేదు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను మాత్రం గర్భం నిలవడానికి కనీసం నెల ముందునుంచే మొదలుపెట్టాలి. పంటి చికిత్స జరుగుతోందని దాన్ని ఆపకండి.

చికిత్స సగంలో ఉండగానే నెల తప్పితే కంగారుపడి పన్నును అలాగే వదిలేయవద్దు. వెంటనే దంత వైద్యులకు, ప్రసూతి వైద్యులకు తెలియజేయండి. చీముపట్టిన పంటికి ఏ నెలలోనైనా చికిత్స చేస్తారు, సాధారణంగా వాడే లిడోకైన్ మత్తు ఇంజెక్షన్ గర్భిణులకూ ఇస్తారు. తొందర లేని పనులను నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్యకు పెట్టుకుంటే కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం తేలికగా ఉంటుంది.