అద్దె కారుకు జీపీఎస్: వైరు ఎక్కడ కలపాలి, డేటా ఎక్కడ ఆపాలి

రేణిగుంట విమానాశ్రయం, కొండ, శ్రీకాళహస్తి, కాణిపాకం. తిరుపతి ట్రావెల్స్ కారు తిరిగేది ఎక్కువగా ఈ దారుల్లోనే. బండి ఎక్కడుందో ఓనరు చూసుకోవడంలో తప్పులేదు. కాకపోతే అందుకు బిగించే జీపీఎస్ ట్రాకర్ పెట్టె డ్రైవరు ఇంటినీ, యాత్రికులు దిగిన లాడ్జినీ కూడా పట్టిస్తుంది.

ముందు బండిలో ఏఐఎస్ 140 (బండి జాడ తెలిపే పరికరాలకు పెట్టిన భారతీయ ప్రమాణం) పరికరం ఉందేమో చూడండి. కేంద్ర నిబంధన ప్రకారం 2019 జనవరి 1 నుంచి రిజిస్టరైన కొత్త ట్యాక్సీలకు ప్యానిక్ బటన్‌తో సహా అది ఉండాలి. ఉంటే అమ్మినవాళ్లనే లాగిన్ అడగండి, ఇంకోటి దండగ. కొత్తది కొనేట్టయితే మైకు లేనిదే తీసుకోండి. కొన్ని మోడళ్లలో లోపలి సిమ్‌కు ఫోన్ చేస్తే కారులో మాటలు వినిపిస్తాయి. ట్రావెల్స్ నడపడానికి ఆ మాటలతో పనేముంది?

ఎర్ర వైరు ఎప్పుడూ కరెంటుండే లైనుకు, నల్లది బాడీ ఎర్తుకు, ఇగ్నిషన్ వైరు తాళం తిప్పితేనే కరెంటొచ్చే లైనుకు కలపాలి. రంగులు కంపెనీని బట్టి మారతాయి, పెట్టెలో వచ్చిన కాగితం చూడండి. ఇగ్నిషన్ లైను మీద మల్టీమీటర్ పెడితే తాళం ఆఫ్‌లో సున్నా, ఆన్‌లో 12 వోల్టులు చూపాలి. ఎర్ర వైరుకు 2 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. ఇగ్నిషన్ వైరు వదిలేస్తే చాలా ట్రాకర్లు నిద్రలోకి పోవు. 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. బేరాల్లేక బండి రెండు వారాలు కదలకపోతే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో దాదాపు సగం ఖాళీ.

పెట్టెను డాష్‌బోర్డు ప్లాస్టిక్ కింద, యాంటెన్నా పైకి ఉండేలా పెట్టండి. రేకు కింద పెడితే ఉపగ్రహాలు అందవు. ఘాట్ రోడ్డులో మొబైల్ సిగ్నల్ పోయినచోట మ్యాపులో గీత తెగుతుంది. మెమరీ ఉన్న పరికరమైతే సిగ్నల్ రాగానే మిగతాది పంపుతుంది, ఈలోగా డ్రైవరును అనుమానించొద్దు.

బండిని దూరం నుంచే ఆపే రిలే విషయంలో మాత్రం మొహమాటపడకండి. మెకానిక్ దాన్ని ఫ్యూయల్ పంపు వైరుకు కలుపుతానంటే వద్దనండి. కొండ దిగే మలుపులో ఇంజను ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, రెండు మూడు తొక్కులకే బ్రేకు గట్టిపడుతుంది. స్టార్టర్ వైరుకు కలిపితే నడిచే బండి ఆగదు, ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాదు. దొంగతనానికి అది చాలు.

మొదటిరోజే ట్రాకర్‌తో వచ్చిన 123456 లాంటి పాస్‌వర్డు మార్చండి. లేకపోతే సిమ్ నంబరు తెలిసినవాడెవడైనా ఎస్సెమ్మెస్ పంపి బండి ఎక్కడుందో లాగొచ్చు. ఆఫీసులో చూసేవాళ్లకు తలా ఒక లాగిన్ ఇవ్వండి, మానేసినవాళ్లది అదేరోజు తీసేయండి. బండి ఉన్న చోటు పది సెకన్లకోసారి నమోదైతే మ్యాపులో రోజుకు 8,640 చుక్కలు. 30 సెకన్లయితే 2,880, ట్యాక్సీకి ఇవి బోలెడు.

డ్రైవరు కారును ఇంటికి తీసుకెళ్తే రాత్రంతా మ్యాపు చూడటం దేనికి? ఆ చోటు చుట్టూ జియోఫెన్స్ (మ్యాపు మీద గీసే హద్దు) పెట్టి, దాటితేనే అలర్ట్ వచ్చేలా చేయండి. ఏం నమోదవుతుంది, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లుంటుంది అన్నది తెలుగులో రాసి ముందే చదివించండి.

యాత్రికులకు పంపే లైవ్ లింకు ట్రిప్పుతో ముగిసిపోవాలి. ట్రిప్ షీటులోని పేర్లు, ఫోన్ నంబర్లు రూటు డేటాతో కలిపి దాచొద్దు. ఏ పనికి తీసుకున్నారో ఆ పని అయ్యాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, తుడిచేయాలన్నదే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దారి.

బండి అమ్మేటప్పుడు ఖాతాలోంచి నంబరు తీసేసి, సిమ్ ఆపించండి. పాత కారు కొనేవాళ్లు స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్ (మెకానిక్ స్కానర్ తగిలించేది), డాష్‌బోర్డు వెనక, సీట్ల కింద టార్చి వేసి చూడండి. పాత ఓనరు ఫోనులో ఆ బండి ఇంకా కదులుతూనే ఉండొచ్చు.