వర్డ్‌లో పదాలను మార్చేటప్పుడు పెద్దక్షరాలు, చిన్నక్షరాల సంగతి

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రాసిన ఆంగ్ల పత్రంలో ‘ఇంటర్నెట్’ అనే మాట ప్రతిచోటా పెద్దక్షరంతో మొదలైందనీ, దాన్ని చిన్నక్షరంలోకి మార్చాలనీ అనుకుందాం. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కి, తెరుచుకునే పెట్టెలోని వెతికే గడిలో ఆ మాటను పెద్దక్షరంతో, మార్చే గడిలో చిన్నక్షరాలతో టైపు చేసి ‘రీప్లేస్ ఆల్’ నొక్కితే, ఇన్ని చోట్ల మార్చానని వర్డ్ చెబుతుంది గాని, పత్రంలో అక్షరం కూడా కదలదు.

ఇది లోపం కాదు. ‘మ్యాచ్ కేస్’ పెట్టెలో టిక్ లేనప్పుడు వర్డ్ పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడా చూడకుండా వెతుకుతుంది. కొత్త మాటను మనం అన్నీ చిన్నక్షరాల్లో ఇస్తే, పాత మాట ఏ రూపంలో ఉందో ఆ రూపాన్నే దానికీ తొడుగుతుంది. ‘రిపోర్ట్’ బదులు ‘సమ్మరీ’ పెట్టేటప్పుడు ఈ పద్ధతి ఎంతో మేలు చేస్తుంది: వాక్యం మొదట్లో పెద్దక్షరం, శీర్షికలో అన్నీ పెద్దక్షరాలు, మధ్యలో చిన్నక్షరాలు వాటంతటవే కుదురుతాయి. మార్చవలసింది మాటను కాక అక్షర రూపాన్నే అయినప్పుడు మాత్రం అదే అడ్డు తగులుతుంది.

అప్పుడు ‘మోర్’ బటన్ నొక్కి, ‘మ్యాచ్ కేస్’కు టిక్ పెట్టాలి. ఇక వర్డ్ మనం టైపు చేసిన రూపాన్నే వెతికి, మనం ఇచ్చిన రూపాన్నే పెడుతుంది. అయితే వాక్యారంభంలో ఉన్నవి కూడా చిన్నక్షరాలైపోతాయి కనుక, ఇక్కడ ‘రీప్లేస్ ఆల్’ కంటే ‘ఫైండ్ నెక్స్ట్’తో ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. నెల పేరైన ‘మే’నూ అవే అక్షరాలున్న సహాయక క్రియనూ వేరు చేసేది మొదటి అక్షరమొక్కటే, ఆ క్రియ వాక్యం మొదట్లో వస్తే ఆ తేడా కూడా ఉండదు. తెలుగు లిపిలో ఈ భేదమే లేదు కాబట్టి మన కళ్లు దీన్ని సులువుగా దాటిపోతాయి. ‘ఫైండ్ హోల్ వర్డ్స్ ఓన్లీ’కి కూడా టిక్ పెడితే, వెతికే అక్షరాలు వేరే పదాల లోపల దొరికి చెడిపోయే ప్రమాదం తప్పుతుంది. అక్షరాల బదులు ప్రత్యేక గుర్తులతో వెతకనిచ్చే ‘యూజ్ వైల్డ్‌కార్డ్స్’ ఎంచుకుంటే వర్డ్ అక్షర భేదాన్ని ఎప్పుడూ పాటిస్తుంది.

ఒక మాటను ఉన్నచోటల్లా పూర్తిగా పెద్దక్షరాల్లోకి మార్చాలంటే వేరే దారి ఉంది. అదే పెట్టెలోని ‘ఫైండ్’ ట్యాబ్‌లో మాట టైపు చేసి, ‘ఫైండ్ ఇన్’ కింద ‘మెయిన్ డాక్యుమెంట్’ ఎంచుకుంటే అది ఉన్న చోట్లన్నీ ఒకేసారి సెలెక్ట్ అవుతాయి. పెట్టెను మూసి, ‘హోమ్’ ట్యాబ్‌లోని ‘చేంజ్ కేస్’ నుంచి కావలసిన రూపాన్ని ఎంచుకోవాలి. ‘రీప్లేస్’ గడిలో ఫాంటుకు ‘ఆల్ క్యాప్స్’ పెట్టినా చూపుకు అలాగే కనిపిస్తుంది గాని, లోపలి అక్షరాలు మారవు. ఆ ఫార్మాటింగ్ తీసేసినా, సాదా పాఠంగా కాపీ చేసినా పాత రూపమే బయటపడుతుంది.