డీజిల్ కారులో పెట్రోల్ పడితే: నా అనుభవం

మద్దిలపాలెం దగ్గర బంకు కుర్రాడు మా డీజిల్ కారులో పెట్రోల్ కొట్టేశాడు. హైవే ఎక్కగానే ఇంజిన్ టకటకా కొట్టుకుని, పికప్ పోయి, ఆగిపోయింది. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడం, పైన డీజిల్ నింపడం, ట్యాంకులోంచి పైపుతో పెట్రోల్ లాగడం, అన్నీ దండగే.

చివరికి కీ తీసేసి, కంచరపాలెం మెకానిక్ దగ్గరికి టో చేయించాం. ఆయన వెనక సీటు ఎత్తి, ట్యాంకులోని పంపు విప్పి, అడుగుదాకా తోడేశాడు. డీజిల్ ఫిల్టర్ కొత్తది వేశాడు. ఇంజిన్ వైపు పైపు ఊడదీసి సీసాలో పెట్టి, పెట్రోల్ వాసన పోయేదాకా కొత్త డీజిల్ పారించాడు. అసలు పని ఇదే, తొందరపెట్టకండి. డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీసి స్టార్ట్ చేస్తే కాసేపు పొగ, ఆపై మామూలే.

మాది కొద్దిదూరమే నడిచింది. ఇంజెక్షన్ పంపుకి (ఇంజిన్‌లోకి డీజిల్‌ని గట్టి ఒత్తిడితో పంపేది) డీజిలే లూబ్రికేషన్ కాబట్టి, ఎక్కువ నడిపిన బండికి ఇంతతో సరిపోకపోవచ్చు. పాత ఫిల్టర్ కోయించి చూడండి; పంపు అరిగి రాలిన ఇనుప రజను కనిపిస్తే ఖర్చు వేరే లెవెల్.