తోట కాపలాకు పాత రివాల్వరే మేలు

బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి తోటల్లో కోతల కాలంలో రాత్రి కాపలా తప్పదు. చేతిలో లైసెన్సు ఉన్న రైతుకు వచ్చే మొదటి సందేహం: రివాల్వరా, పిస్టలా?

తోటకైతే రివాల్వరే. అక్కడ ఆయుధం నెలల తరబడి వాడకుండా పడి ఉంటుంది. పిస్టల్‌లో ఒక తూటా పేలిన ఊపుతోనే రెండోది ఎక్కుతుంది. తూటా చెమ్మకు మెత్తబడినా, మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల డబ్బా) అంచు వంగినా, మణికట్టు వదులుగా ఉన్నా స్లైడు, అంటే పైన వెనక్కీ ముందుకీ జారే భాగం, మధ్యలో ఇరుక్కోవచ్చు. చీకట్లో దాన్ని సరిచేయడం రోజూ సాధన చేసేవాళ్ళకే చేతనవుతుంది. రివాల్వర్‌లో తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్ళీ నొక్కడమే, తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ తిరిగి పక్క అర ముందుకొస్తుంది. ఇంకొకటి, మ్యాగజైన్ ఊడదీసిన పిస్టల్ లోపల కూడా ఒక తూటా మిగిలిపోవచ్చు. రివాల్వర్ తెరిస్తే ఆరు అరలూ కళ్ళెదుటే ఉంటాయి. పిల్లలున్న ఇంటికి ఈ ఒక్క తేడా చాలు.

లోట్లూ ఉన్నాయి. ఆరే గుండ్లు, మళ్ళీ నింపడం ఆలస్యం, ట్రిగ్గర్ బిగువు. పైగా .32 బోర్ మనిషి ఆత్మరక్షణకు పనికొచ్చేది. దానితో ఏనుగును ఆపగలమనుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పలమనేరు, కుప్పం వైపు ఏనుగు వాసన తగిలితే చేయాల్సింది దూరంగా జరిగి అటవీశాఖకు ఫోన్ కొట్టడం.

కొనేటప్పుడు చాలామంది బోల్తా పడేది తూటా దగ్గర. రెండింటికీ .32 అనే పేరే, తూటాలు మాత్రం రెండు రకాలు. రివాల్వర్‌కు స్మిత్ అండ్ వెసన్ లాంగ్, పిస్టల్‌కు ఏసీపీ. లాంగ్ రకానికి వెనక అంచు వెడల్పుగా ఉంటుంది, గుండు బరువు మామూలుగా 98 గ్రెయిన్లు (గుండును తూచే చిన్న కొలత). ఏసీపీ పొట్టిది, గుండు 71 గ్రెయిన్లు. అరలో దూరింది కదా అని ఒకదాని బదులు ఇంకొకటి పేల్చకూడదు. డబ్బా మీద పేరు చదివి తీసుకోండి.

కాన్పూర్ ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ పాత బ్రిటిష్ వెబ్లీ నమూనాది, మధ్యలో విరిచి తెరిచే రకం. తెరవగానే పేలిన తూటాల ఆరు డొల్లలూ ఒక్కసారే పైకి లేస్తాయి. 2014లో వచ్చిన నిర్భీక్ అనే రివాల్వర్ టైటానియం మిశ్రమంతో అర కిలో బరువే ఉంటుంది. జేబుకు హాయి, చేతికి కుదుపు ఎక్కువ. బరువైన పాత ఉక్కుదే గురికి నిలుస్తుంది.

పాతది కొంటుంటే గొట్టం ఎవరూ లేని దిక్కుకు పెట్టి, తెరిచి, ఆరు అరలూ కంటితో చూసి వేలితో తడమండి. ఖాళీ అని తేలాక బొటనవేలితో హ్యామర్‌ను (తూటాను కొట్టే వెనక సుత్తిని) మెల్లగా వెనక్కి లాగండి. అది పూర్తిగా నిలిచేసరికి సిలిండర్ టక్కుమని బిగుసుకోవాలి. ఆరు అరలకూ ఇలాగే చూడాలి, ఒక్కదానికి బిగియకపోయినా వద్దు. అలా నిలిచిన హ్యామర్‌ను ట్రిగ్గర్ తాకకుండా ముందుకు నెట్టి చూడండి, జారి పడితే ఆ రివాల్వర్ ప్రాణాంతకం. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందును బైకు మెకానిక్కులు ట్యాపెట్లకు వాడే ఫీలర్ గేజ్‌తో కొలవండి. 0.15 మిల్లీమీటర్లు ఉంటే బాగుంది. 0.25 దాటితే పక్కలకు నిప్పు, సీసం పొడి చిమ్ముతాయి. సందు సరిగ్గా ఉన్నా పేల్చేటప్పుడు వేళ్ళు అక్కడికి రానివ్వకూడదు. విరిచే రకానికి కీలు, పైకొక్కెం వదులుగా ఆడుతున్నాయేమో చివరగా చూడండి.

ట్రిగ్గర్ నొక్కనిదే హ్యామర్ తూటాను తగలకుండా ఆపే అడ్డు ఉందో లేదో తెలియని పాతదైతే అయిదే నింపి, హ్యామర్ కింది అర ఖాళీగా వదలండి. ట్రిగ్గర్ నొక్కగానే పక్క అర వస్తుంది కాబట్టి మొదటి గుండుకు లోటుండదు. బయట తిరిగేటప్పుడు ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే ఒరలోనే ఉండాలి, లుంగీ మడతలో కాదు.

ఇంటికొచ్చాక తోలు ఒరలో దాచొద్దు. తోలు చెమ్మ పీల్చి ఇనుముకు తుప్పు, ఇత్తడికి పచ్చ చిలుము పట్టిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పదిహేను రోజులకోసారి తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె వద్దు. పలమనేరు చలికి గడ్డకట్టి లోపలి స్ప్రింగులను పట్టేస్తుంది. పేల్చిన రోజునే గొట్టం తోమి, డొల్లలను లేపే నక్షత్రం ముక్క కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. కాలని మందు పలుకులు నాలుగు అక్కడ చేరినా సిలిండర్ తిరగదు. సాధనలో ఎప్పుడైనా శబ్దం నీరసంగా పుస్సుమంటే ఆపేయండి. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు, దాని వెనక రెండోది పేలిస్తే గొట్టం పగలవచ్చు.

శేషాచలంలోని శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంలోకి, కౌండిన్య అభయారణ్యంలోకి లైసెన్సు ఉన్నా అటవీ అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టకూడదు. కోలారు, వేలూరు వైపు వెళ్ళేముందు లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించమంటే నూనె రాసి, బట్ట చుట్టి ఇచ్చి, ఆయుధం నంబరు వేసిన రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే పైన చెప్పిన పరీక్షలన్నీ మళ్ళీ చేయండి.