బిడ్డకు జ్వరం: అమ్మ నిద్రకూ ఒక లెక్క ఉండాలి

రెండేళ్ల బిడ్డకు మూడు రోజులు జ్వరం కాస్తే నాలుగో రోజుకు అమ్మ మంచం పడుతుంది. చాలాసార్లు ఆమెను పడగొట్టేది నిద్రలేమే. కళ్లు మూతలు పడుతుంటే మందు కొలత తప్పుతుంది, చిన్న మాటకే ఏడుపొస్తుంది. అందుకే రాత్రి ఎవరు మేలుకోవాలో సాయంత్రమే తేల్చుకోండి.

రాత్రిని రెండు వంతులు చేయండి. తొమ్మిదిన్నర నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఆరున్నర దాకా ఇంకొకరు. పడుకునేవాళ్లు వేరే గదిలోనో, వరండాలోనో పడుకోవాలి. బిడ్డ పక్కనే పడుకుంటే ప్రతి మూలుగుకీ లేస్తారు. పాలు తాగే బిడ్డయితే అమ్మ పడుకునే వంతులో బిడ్డను పాలకోసం ఆమె దగ్గరికి తెచ్చి ఇవ్వడం, తాగాక భుజాన వేసుకుని మళ్లీ తీసుకెళ్లడం నాన్న పనో, అవ్వ పనో. నాన్నకు తిరుమల బస్సుల్లోనో, లాడ్జిలోనో నైట్ డ్యూటీ ఉంటే పగలు పన్నెండు నుంచి మూడున్నర దాకా అమ్మకు వదిలేయండి. ఆ మూడున్నర గంటల్లో బట్టలుతకడం, గిన్నెలు తోమడం పెట్టుకోకూడదు.

ఈ పద్ధతి ఎక్కువగా చెడేది చేతులు మారేటప్పుడు. ఒంటిగంటకు అవ్వ పారాసిటమాల్ వేస్తుంది, ఆ సంగతి తెలియక రెండున్నరకు అమ్మ మళ్లీ వేస్తుంది. ఫ్రిజ్ మీద ఒక నోటుపుస్తకం, పెన్ను పెట్టండి. టైము, జ్వరం ఎంత, మందు ఎన్ని ఎంఎల్, ఉచ్చ పోసిందా, ఈ నాలుగూ రాస్తే చాలు. మామూలుగా పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలో బరువుకు 15 మి.గ్రా. అంటే 10 కిలోల బిడ్డకు 150 మి.గ్రా. సీసా మీద '5 ఎంఎల్‌లో 250 మి.గ్రా.' అని ఉంటే 3 ఎంఎల్, 125 అని ఉంటే 6 ఎంఎల్. సీసా మారితే కొలత మారుతుంది, ఇది మరవద్దు. మూతతో కాకుండా సిరంజితో కొలవండి. ఆరు గంటల ఎడం ఉంచితే 24 గంటల్లో 4 సార్లు దాటదు. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 వస్తే ఇంట్లో మందు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నిద్ర చెడగొట్టే ఇంకొకటి భయం. పది నిమిషాలకోసారి నుదురు తాకి చూడటం దానివల్లే. దేనికి భయపడాలో ముందే రాసి గోడకు అంటించండి: నీళ్లు తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, ఎనిమిది గంటలుగా ఉచ్చ లేకపోవడం, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి లాగడం. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఊపిరి పూర్తిగా నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలలు నిండి ఏడాది లోపు పిల్లలకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, అంతకు చేరితే ఆలస్యం వద్దు. ఈ గుర్తుల్లో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, లేదా తిరుపతిలో ఉంటే నేరుగా రుయా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఇవేవీ లేకుండా హాయిగా నిద్రపోతున్న బిడ్డను జ్వరం చూడటానికి లేపక్కర్లేదు.

తిండి సంగతి చిన్నదే కానీ ముఖ్యం. 'బిడ్డ తిన్నాక తింటా' అన్న అమ్మ సాయంత్రం దాకా తినదు. బిడ్డ కునుకు తీయగానే ముందు ఆమె కంచం పెట్టండి. సంగటి, పప్పు, పెరుగు, ఏదైనా సరే. పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక చెంబు నీళ్లుండాలి.

ఏడుపు ఆగక తల పగిలిపోతోందంటే బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ దిండ్లు, దుప్పట్లు తీసేసి, ఐదు నిమిషాలు బయటికి రండి. మొహం కడుక్కోండి, ఎవరికైనా ఫోన్ చేయండి. అది తప్పు కాదు. విసుగులో బిడ్డను పట్టి ఊపడం మాత్రం మెదడుకు గాయం చేస్తుంది, ప్రాణానికే ప్రమాదం.

చూడ్డానికొచ్చిన చుట్టాలు 'ఐస్‌క్రీమ్ పెట్టుంటావు, అందుకే' అంటారు. పసిపిల్లల జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే, తల్లి తప్పు కాదు. ఆ మాట ఆమె ముందే గట్టిగా చెప్పాల్సింది భర్త.

బిడ్డ కోలుకున్నాక కూడా అమ్మను గమనించండి. రెండు వారాలుగా రోజూ దిగులుగా ఉంటున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా ఆమెకు నిద్ర పట్టకపోయినా మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. తనకో, బిడ్డకో హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందని చెబితే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లండి.