రేషన్ షాపు దగ్గర అరగంట: వ్యాఖ్యానాత్మక పరిశోధన నేర్పడం ఇలా

మనుషులు తాము చేసేదానికి ఏ అర్థం ఇచ్చుకుంటారో వెతికేదే వ్యాఖ్యానాత్మక పరిశోధన. దాన్ని సిద్ధాంతంతో మొదలుపెడితే విద్యార్థులకు పరిభాష వస్తుంది గానీ చూపు రాదు. మొదటి వారమే బయటికి పంపండి. రేషన్ షాపు మంచి చోటు: జనం ఆగుతారు, మాట్లాడుకుంటారు. డీలరు ఒప్పుకుంటేనే కూర్చోవాలి. ఇద్దరిద్దరు వెళ్లాలి, ఒకరి నోట్సు ఒకరు చూసుకోకూడదు.

అక్కడ పొడి మాటలు రాసుకుంటే చాలు. పూర్తి నోట్సు మాత్రం ఆ రోజు పడుకోబోయే ముందే రాయాలి. అరగంట చూసినదానికి గంటకు పైనే పడుతుంది. తెల్లారితే మాటలు పోయి సారాంశం మిగులుతుంది.

పేజీని నిలువుగా రెండు చేయించండి. ఎడమవైపు చూసింది, విన్నది. కుడివైపు అనిపించింది. "అవ్వ నిరాశగా వెళ్లిపోయింది" అని ఎడమవైపు ఉంటే కొట్టేయించండి. వేలు మూడుసార్లు పెట్టింది, ప్రతిసారీ కొంగుకు తుడుచుకుంది, "నా వేలే అరిగిపోయింది బిడ్డా" అంది, డీలరు తలెత్తకుండా "రేపు రా అవ్వా" అన్నాడు: రాయాల్సింది ఇది. తప్పు మిషన్‌ది కాదు, తన వేలిదే అని ఆమె ఎందుకు అనుకుంటోంది? అసలు ప్రశ్న ఇక్కడే పుడుతుంది. "బయోమెట్రిక్ వైఫల్యం" అని రాసుకొచ్చినవాళ్లకు అది దొరకదు. అందుకే నోట్సు విన్న యాసలోనే ఉండాలి.

క్లాసులో రెండు నోట్సులూ పైకి చదివించండి. తేడా వచ్చిన చోట ఎవరిది కరెక్టని తేల్చకండి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, డీలరు వాళ్లను ఎవరనుకున్నాడు అని అడగండి. మెడలో ఐడీ కార్డు ఉన్నవాళ్లను తనిఖీకొచ్చారనుకుంటే, అక్కడి మాటలే మారిపోతాయి. మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1973 వ్యాసం "థిక్ డిస్క్రిప్షన్" ఈ దశలో ఇవ్వండి; కన్ను అదరడానికీ కన్ను కొట్టడానికీ మధ్య ఆయన అందులో చూపిన తేడా అప్పుడు వెంటనే బోధపడుతుంది.

ఇంటర్వ్యూలో "ఎందుకు" అని మొదలుపెడితే సంజాయిషీ వస్తుంది. "పోయిన నెల బియ్యానికి వెళ్లిన రోజు పొద్దుట్నుంచి ఏం జరిగింది?" అనడం మేలు. గంట రికార్డింగు విని రాయడానికి నాలుగైదు గంటలు పడుతుంది, కాబట్టి సెమిస్టరుకు రెండు ఇంటర్వ్యూలు చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది తర్వాత: ఒక వివరణ దొరకగానే దానికి సరిపడే ముక్కలే ఏరుకుంటారు. ఆ వివరణను ఒక్క వాక్యంలో రాయించి, దానికి అడ్డం తిరిగే మనిషిని వెతకమనండి. "మిషనే చెడింది" అని డీలరుతో గొడవపడ్డ కుర్రాడు దొరికితే వదిలేయొద్దు, వాక్యాన్ని మార్చాలి. "ఎంతమందిని అడగాలి సార్?" అనే ప్రశ్నకూ ఇదే జవాబు: కొత్త మనిషి వచ్చినా ఆ వాక్యం మారకుండా నిలిచేదాకా.

మార్కుల్లో సగం ముడి నోట్సుకు ఇవ్వండి. అన్నీ చివరి వ్యాసానికే ఇస్తే నోట్సును వ్యాసం పూర్తయ్యాక వెనక్కి వెళ్లి అల్లుతారు.